అందరి కోసం తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో కంప్యూటర్ ఇప్పుడు కొత్త వస్తువు కాదు. పిల్లల చదువుకని కొన్నదో, గల్ఫ్ నుంచి వచ్చినవారు తెచ్చినదో చాలా ఇళ్లలో కనిపిస్తుంది. దానిలోని సాఫ్ట్‌వేర్ ఎక్కడిది అని అడిగితే మాత్రం "షాపులో వేసి ఇచ్చిండ్రు" అనే జవాబు వస్తుంది. అది డబ్బు కట్టి తెచ్చినదా, దొంగ కాపీయా అని అడిగేవారు తక్కువ. మందు కొనేటప్పుడు సీలు, తేదీ చూసి తీసుకుంటాం. మన డాక్టరు రిపోర్టులు, బ్యాంకు లెక్కలు, పిల్లల ఫోటోలు దాచుకునే కంప్యూటర్ విషయంలోనూ ఆ మాత్రం జాగ్రత్త అవసరం.

దొంగ కాపీతో వచ్చే జబ్బు

సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడినప్పుడు తయారు చేసినవారు వాటికి మరమ్మతులు పంపుతూ ఉంటారు. వీటినే అప్‌డేట్లు అంటారు. ఇవి ఒక విధంగా టీకాల వంటివి. దొంగ కాపీ వాడేవారు పట్టుబడతామనే భయంతో అప్‌డేట్లను ఆపేసుకుంటారు. కొన్నిసార్లు ఆ కాపీతోపాటే వైరస్ కూడా లోపలికి వస్తుంది.

టీకా పడని కంప్యూటర్లకు ఏమవుతుందో 2017 మే నెలలో లోకమంతా చూసింది. "వాన్నాక్రై" అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లను తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి అధికారులు అంచనా వేశారు. అవి దొంగ కాపీలు కావు. సమయానికి అప్‌డేట్ చేయకపోవడమే కొంప ముంచింది. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిపైనా ఇటువంటి దాడే జరిగింది. అనేక రోజులపాటు ఓ.పి. చీట్లు, పరీక్షల ఫలితాలు చేతితో రాయవలసి వచ్చింది. కంప్యూటర్ ఆరోగ్యం రోగి ఆరోగ్యానికి ఎంత దగ్గరో దీనివల్ల తెలుస్తుంది.

ఓపెన్ సోర్స్ అంటే?

సిరిసిల్లలో సాంచా తెలియనివారు ఉండరు. సాంచా ఆగిపోతే మెకానిక్ వచ్చి, విప్పి చూసి, అరిగిన భాగం మార్చి మళ్లీ నడిపిస్తాడు. అదే సాంచాను కంపెనీవారు సీలు వేసి, "మేము తప్ప ఎవరూ విప్పరాదు" అంటే నేతన్న గతి ఏమిటి? కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌లలో ఎక్కువ భాగం ఇలా సీలు వేసినవే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విప్పి చూడదగిన సాంచా వంటిది. దాని లోపలి రాత అందరికీ కనిపిస్తుంది. తెలిసినవారు ఎవరైనా దానిని సరిచేయవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, పొరుగువారికి కాపీ ఇవ్వవచ్చు. అది దొంగతనం కాదు. ఇవ్వడానికి తయారు చేసినవారే లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు.

ఈ ఉద్యమాన్ని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ "లినక్స్" తయారీకి నాంది పలికారు. మన దగ్గర 2005లో మొదలైన "స్వేచ్ఛ" సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. ఆ పేరులోనే అర్థం ఉంది. ఇక్కడ డబ్బు మిగలడం ఒక లాభమే, కానీ అసలు విషయం స్వేచ్ఛ.

ఆసుపత్రుల్లో ఏం చేస్తోంది?

కెన్యా దేశంలోని ఎల్డొరెట్ పట్టణంలో హెచ్.ఐ.వి. రోగుల సంఖ్య పెరిగి, వారి వివరాలు దాచడం కష్టమైంది. ఆ అవసరం నుంచి 2004లో "ఓపెన్ ఎం.ఆర్.ఎస్." అనే రికార్డుల సాఫ్ట్‌వేర్ ఆలోచన పుట్టింది. 2006 నుంచి అక్కడ వాడుకలోకి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామంలో పేదలకు వైద్యం చేసే జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం, దీని ఆధారంగానే "బాహ్మ్ని" తయారైంది. ఓ.పి., ల్యాబ్, బిల్లింగ్ మూడూ అందులో కలిసి ఉంటాయి.

మన తెలుగు నేలకూ ఇందులో పాత్ర ఉంది. దక్షిణాఫ్రికాలో 1994లో వర్ణవివక్ష పాలన ముగిసిన తరువాత ఆరోగ్య కేంద్రాల లెక్కల కోసం, ఓస్లో విశ్వవిద్యాలయం సహకారంతో ఒక సాఫ్ట్‌వేర్ రూపొందింది. భారతదేశంలో ఆ కృషి 2000లో చిత్తూరు జిల్లా కుప్పంలో మొదలైంది. దాని కొత్త రూపమైన "డి.హెచ్.ఐ.ఎస్. 2" 2006లో కేరళలో మొదట వాడుకలోకి వచ్చింది. ఈనాడు 70కి పైగా దేశాల్లో టీకాల, ప్రసవాల, మలేరియా కేసుల లెక్కలు దానిలో నమోదవుతున్నాయి.

రోగికి దీనివల్ల ఏమి లాభం? రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ మూతపడితే, ఏళ్ల తరబడి రాసిన బీపీ, షుగర్ వివరాలు, పడని మందుల జాబితా అందులోనే చిక్కుకుపోవచ్చు. ఓపెన్ సోర్స్ అయితే తెలిసిన మరొకరు వచ్చి వాటిని బయటికి తీయగలరు.

ఇంట్లో పనికొచ్చేవి

లిబ్రే ఆఫీస్: ఉత్తరాలు, దరఖాస్తులు, ఇంటి లెక్కలు రాసుకోవడానికి. తెలుగులో రాయవచ్చు.

ఫైర్‌ఫాక్స్: ఇంటర్నెట్ చూడడానికి.

వి.ఎల్.సి.: పాటలు, వీడియోలు చూడడానికి. 1996లో పారిస్‌లో విద్యార్థుల పనిగా మొదలైంది.

7-జిప్: గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి నాన్న రిపోర్టులు పంపాలంటే, వాటిని దీనితో ఒకే ఫైలుగా చేసి పాస్‌వర్డ్ పెట్టి పంపండి. పాస్‌వర్డును మాత్రం ఫోన్‌లో చెప్పండి.

ఆడాసిటీ, ఓపెన్ ఎల్.పి.: గాయక బృందం పాటలు రికార్డు చేయడానికి మొదటిది, ఆరాధనలో పాటల మాటలు తెరమీద చూపడానికి రెండవది.

ఎన్.వి.డి.ఎ.: చూపు లేనివారికి, చూపు మందగించినవారికి కంప్యూటర్ తెరమీది మాటలు చదివి వినిపిస్తుంది. ఇటువంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే వేల రూపాయలు ఖర్చవుతాయి. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో దీనిని ప్రారంభించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. తెలుగు కూడా చదువుతుంది. షుగర్ వల్ల చూపు తగ్గిన పెద్దవారు మీ ఇంట్లో ఉంటే ఒకసారి వేసి చూపించండి.

తెలుగు అక్షరాల విషయంలో ఒక మాట. డి.టి.పి. సెంటర్లలో వాడే పాత ఫాంట్లతో టైపు చేసిన పాటల పుస్తకం వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాస్తే ఎక్కడైనా తెలుగుగానే కనిపిస్తుంది. పోతన, వేమన, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

ఈ జాగ్రత్తలు మరవకండి

ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన లోపం ఉండదని కాదు. 2014లో "హార్ట్‌బ్లీడ్", 2021లో "లాగ్4షెల్" అనే పెద్ద లోపాలు బయటపడ్డాయి. అందరికీ కనిపించే రాత కనుక సరిచేయడానికి చాలా చేతులు కలిశాయి. అయినా అప్‌డేట్ చేసుకోనివారికి ఆ మేలు అందదు.

డబ్బు అడగని ప్రతిదీ ఓపెన్ సోర్స్ కాదు. వాట్సాప్ ఉచితమే, కానీ దాని లోపలి రాత అందరికీ ఇవ్వలేదు.

సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసినవారి సొంత సైటు నుంచే దించుకోండి. అదే పేరుతో నకిలీ సైట్లు కూడా ఉంటాయి.

లినక్స్‌కు మారాలనుకుంటే ముందు ఫోటోలు, కాగితాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. చాలా రకాల లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. నచ్చితేనే కంప్యూటర్‌లో వేసుకోండి. దుకాణాల్లో వాడే ట్యాలీ లినక్స్‌లో నేరుగా నడవదు. మీ ప్రింటర్ పనిచేస్తుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

ఒక్కసారిగా అంతా మార్చనక్కరలేదు. ఈ వారం ఒక దొంగ కాపీ తీసివేసి, దాని స్థానంలో లిబ్రే ఆఫీస్ వేసుకోండి. కాలేజీలో చదివే పిల్లలుంటే వారికే ఈ పని అప్పగించండి. వారు నేర్చుకుంటారు, పొరుగింటివారికీ వేసి ఇవ్వగలరు. అలా వేసి ఇవ్వడానికి ఎవరి దగ్గరా దాచవలసిన పని లేదు.