తెరచాప పడవలో వారం రోజులా? ముందు మందుల సంగతి చూసుకోండి

దమ్మాయిగూడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయి జూలైలో గ్రీసు దేశంలో తెరచాప పడవ ఒకటి వారానికి అద్దెకు తీసుకుంటున్నాడట. అమ్మానాన్నల్ని మధ్యధరా సముద్రంలో దీవుల వెంట తిప్పాలని అతని ముచ్చట. ఆవిడ భయం ఆవిడది: "కీసరగుట్టకు బస్సులో వెళ్లినా నాకు కడుపులో తిప్పుతుంది. మావారికి పన్నెండేళ్లుగా షుగరు, బి.పి. ఉన్నాయి. వెళ్లమంటారా, మానమంటారా?"

నిక్షేపంగా వెళ్లండి. అయితే మీరు భయపడవలసింది మీ వాంతుల గురించి కాదమ్మా, మీవారి వాంతుల గురించి.

పడవ ఊగుతున్నదని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. గదిలో కూర్చున్నవారి కళ్లేమో అంతా కదలకుండా ఉన్నదంటాయి. ఈ తగవులోంచే వికారం పుడుతుంది. బస్సులో ఎన్నడూ తల తిరగనివారికి కూడా సముద్రం మీద తిరగవచ్చు. హుస్సేన్‌సాగర్‌లో లాంచీ ఎక్కి బుద్ధ విగ్రహం దాకా వెళ్లొచ్చాం, ఏమీ కాలేదని ధీమా పడకండి. ఆ విగ్రహం నిలిచిన బండను జిబ్రాల్టర్ రాక్ అంటారు గాని, అసలు జిబ్రాల్టర్ దగ్గరి అలలు వేరు!

ఆరోగ్యవంతులకు సాధారణంగా రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. షుగరు ఉన్నవారి సంగతి అలా కాదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకుని, తిన్నదంతా కక్కేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని ఇన్సులిన్ తీసుకునేవారు దాన్ని సొంతంగా మానేయకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు తిండి లేకుండా ఉంటే, షుగరు మరీ పెరగకపోయినా రక్తంలో కీటోన్లు పేరుకోవచ్చు. బి.పి.కి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా ఉంటే, ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరిగి పడతారు. నడిసముద్రంలో డాక్టరు పక్కవీధిలో ఉండడు కదా! అందుకే వాంతులైన రోజున ఏ మందు ఆపాలి, ఏది ఎంత వేసుకోవాలి అన్నది బయలుదేరకముందే మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఒక ప్రతి అబ్బాయి దగ్గర ఉంచండి. పడవ నడిపేవారికీ చెప్పండి. గ్లూకోమీటరు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జేబులో నాలుగు చక్కెర బిళ్లలు తప్పనిసరి.

ఇక వికారానికి చాలామంది అవోమిన్ వేసుకుంటారు. దాన్ని వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ, ముందే వేసుకోవాలి. నిద్రమత్తు ఉంటుంది. ప్రోస్టేటు ఇబ్బంది గాని, గ్లాకోమా గాని ఉన్నవారు డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోకండి. మూత్రం బిగుసుకుపోవచ్చు. ఖాళీ కడుపుతో ఉండవద్దు; అక్కడ ఇడ్లీ దొరక్కపోయినా రొట్టెముక్క చాలు. పడవ పైభాగాన, మధ్యలో కూర్చుని, నీరూ ఆకాశం కలిసే చోటును చూస్తూండండి. వాంతి వస్తే అంచు మీదికి వంగకండి, బకెట్టు వాడండి. మనిషి నీళ్లలో పడేది అలాంటప్పుడే. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి.

ఇన్సులిన్‌ను విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోండి. పడవ ఫ్రిజ్‌లో పెడితే చల్లటి పలకకు తగలనీయవద్దు, గడ్డకడితే పనికిరాదు. వేసవిలో గ్రీసు గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ ఉదయం ఏడు గంటల మాత్రకు అక్కడ నాలుగున్నరే అవుతుంది. వేళలు ముందే మార్చి రాయించుకోండి. మందు చీటీలో కంపెనీ పేర్లతోబాటు అసలు మందు పేర్లూ ఉండాలి. డోలో అంటే అక్కడి షాపువాడికి తెలియదు, పారాసెటమాల్ అంటే తెలుస్తుంది. బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులు దాచకండి. అవి వర్తిస్తాయో లేదో చదివి చూసుకోండి.

ఒక మాట మీ అబ్బాయికి. ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టు నెలల్లో మెల్టెమీ అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి బలంగా వీస్తుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి పడమటి వైపు అయోనియన్ సముద్రం మేలు. లేదా సెప్టెంబరుకు జరుపుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారికి పడవ లోపలికి దిగే నిటారు మెట్లు, ఒడ్డుకు వేసే సన్నటి పలక పెద్ద పరీక్షే. ఆ ఫొటోలు ముందే తెప్పించి చూడండి.

మీవారు వాడే మాత్రల పేర్లు ఉత్తరంలో రాయలేదు. ఆ అట్టలన్నీ పట్టుకుని ఈ వారమే ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లండి, టిక్కెట్లు కొనకముందే.