మూడు తీగల తోట, నాలుగు వందల ఏళ్ల పాదు

మద్నూర్‌లో నాందేడ్ రోడ్డు పట్టుకుంటే కాసేపటికే సలాబత్‌పూర్, అది దాటితే దెగ్లూర్, మహారాష్ట్ర. ఇంకో దిక్కు పోతే కర్ణాటక. మూడు భాషలు కలిసే ఈ మూలనే కాదు, తెలంగాణలో ఏ పల్లెకు వెళ్లినా కల్లు తెలిసిన పెద్దమనిషి ఒకడు ఉంటాడు. పోతుతాడు కల్లు ఏదో, పండుతాడు కల్లు ఏదో ఒక్క గుక్కలో చెప్తాడు. ఏ గట్టు మీది చెట్టుదో కూడా చెప్పేవాళ్లున్నారు. ఐరోపాలో వైన్ రుచి చూసేవాళ్ల విద్య కూడా ఇదే. ద్రాక్ష రకం, నేల, వాలు, ఆ ఏటి వాన, ఎండ అన్నీ నాలుక మీదే తేలాలి. ‘వైన్స్’ అన్న మాటను మనం మందు దుకాణానికి పెట్టుకున్నాం గానీ, అక్కడ వైన్ అంటే ముందుగా ఒక ఊరి పేరు. బోర్డో, షాంపేన్, టోకాయ్, పోర్టో అన్నీ ఊళ్లో, సీమలో.

చదువుకో కొలువుకో ఐరోపా వెళ్లిన మన పిల్లలు మొదటిసారి రుచి చూసే గదిలోకి అడుగుపెట్టగానే ఆశ్చర్యపోయేది ఉమ్మే పాత్రను చూసి. గ్లాసును వెలుతురుకు ఎత్తి రంగు చూస్తారు, తిప్పి వాసన పడతారు, నోట్లో పోసుకుని పుక్కిలిస్తారు, ఉమ్మేస్తారు. రోజుకు పదుల కొద్దీ రకాలు చూడాల్సినవాళ్లు మింగితే నాలుక ఎక్కడ నిలుస్తుంది?

ఇక వింతల్లోకి వద్దాం. 2019లో స్పెయిన్‌లోని కార్మోనాలో ఒక ఇంటి మరమ్మతుల్లో రోమన్ల కాలపు సమాధి బయటపడింది. సీసపు పెట్టెలో గాజు పాత్ర, అందులో ఒక మగమనిషి అస్థికలు, ఒక బంగారు ఉంగరం, వాటిని ముంచెత్తి సుమారు అయిదు లీటర్ల ఎర్రటి ద్రవం. కోర్డోబా విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి అది వైనేనని 2024లో తేల్చారు. రంగు ఎర్రబడింది గానీ అది తెల్ల వైన్. వయసు రెండు వేల ఏళ్లు. ద్రవరూపంలో మిగిలిన వైన్లలో ఇంతకంటే పాతది దొరకలేదు. అంతకుముందు ఆ పేరు జర్మనీలోని ష్పయర్ సీసాకు ఉండేది. 1867లో దొరికిన ఆ సీసా నాలుగో శతాబ్దానిది. కార్మోనాలో నన్ను ఆపేసిన సంగతి మరొకటి ఉంది. అదే సమాధిలో స్ఫటికపు బుడ్డిలో అత్తరు దొరికింది. అందులో పచౌలి ఉంది. పచౌలి మన దేశపు ఆకు, ఆ మాట కూడా తమిళం నుంచి వెళ్లిందే. రోమన్ల చావు ఇంట్లో వాళ్ల వైన్, మన పరిమళం పక్కపక్కన పడుకున్నాయి.

పెద్దవాటి సంగతి త్వరగా చెప్పేస్తాను, అవి లెక్కల్లోనే గొప్ప. జర్మనీలో బాడ్ డుర్క్‌హైమ్ ఊళ్లో 1934లో కట్టిన పీపాలో 17 లక్షల లీటర్లు పడతాయి. అందులో వైన్ పోయరు, లోపల కూర్చుని భోజనం చేస్తారు. మోల్డోవాలో మిలేష్టి మిచ్ అనే చోట సున్నపురాయి గనుల సొరంగాలే వైన్ నిలవలు. 200 కిలోమీటర్ల పొడవు. మద్నూర్ నుంచి హైదరాబాద్ చేరినా ఇంకా మిగిలేంత. వాడుకలో ఉన్నవి 55 కిలోమీటర్లు, లోపల కార్లు తిరుగుతాయి, వీధులకు వైన్ల పేర్లున్నాయి. 2005లో 15 లక్షల సీసాలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఖరీదు లెక్క చూస్తే 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో ఒక్క సీసాకు 5,58,000 డాలర్లు పలికింది. బర్గండీలోని రొమానే-కోంటీ తోటది, 1945 పంటది. తోట మొత్తం నాలుగున్నర ఎకరాలే. ఆ ఏడు తీసింది 600 సీసాలు. ఆ కోత తర్వాత ముసలి తీగలన్నీ పీకేశారు, మళ్లీ 1952 దాకా ఆ పేరుతో వైన్ లేదు. వేర్లు తినే ఫిలోక్సెరా పురుగు చేసిన పని అది. 1860లలో అమెరికా నుంచి వచ్చి ఐరోపా తోటల్ని ఊడ్చేసింది. అమెరికా వేరుకు ఐరోపా కొమ్మను అంటుకట్టాకే తోటలు బతికాయి. పత్తికి కాయతొలుచు పురుగు పట్టిన ఏడు చూసిన మా వైపు రైతుకు ఆ దుఃఖం వేరే చెప్పాలా!

ఇక వాలు లెక్క చూస్తే, జర్మనీలో మోజెల్ నది ఒడ్డున కాల్మోంట్ కొండమీది తోట వాలు 65 డిగ్రీలు. ట్రాక్టరు మాట దేవుడెరుగు, మనిషి నిలబడడమే కష్టం. పంట దించడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి వేసుకున్నారు. మోకు కట్టుకుని తాడెక్కే మన గౌండ్లన్నకు ఆ పనివాళ్లు చుట్టాలే.

జార్జియాలో పుట్టింది ఇంకో ముచ్చట. అక్కడ క్వెవ్రి అనే మట్టి కాగుల్ని మెడ దాకా భూమిలో పాతి వాటిలో ద్రాక్షరసం పోస్తారు, మనం జొన్నలకు పాతర తీసినట్టు. ఎనిమిది వేల ఏళ్ల కిందటి కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు 2017లో బయటపెట్టింది అక్కడి నేలే. ఆ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వంగా గుర్తించింది.

మన దగ్గరా ఒక ద్రాక్ష చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర హైదరాబాద్‌లో అబ్దుల్ బాకర్ ఖాన్ నాటించిన అనాబ్-ఎ-షాహీ పెద్ద గుత్తులతో దేశమంతా పాకింది. అది తినే పండు, వైన్‌కు అంతగా ఒదగదు. అయినా నగరం చుట్టూ ఎకరాలకు ఎకరాల పందిళ్లుండేవి. ఇవాళ వాటి చోట ప్లాట్ల రాళ్లున్నాయి. వైన్ పంట సరిహద్దు అవతల నాసిక్‌కు దక్కింది. సులా తొలి సీసా వచ్చింది 2000లో. హైదరాబాద్ పందిళ్లు పోవడం నాకు చిన్న నష్టంలా అనిపించదు.

అందుకే నా లెక్కలో అసలు రికార్డులు రెండు. ఒకటి స్విట్జర్లాండ్‌లో సాయోన్ ఊరి గుట్టమీద ఉంది. రెండు చదరపు మీటర్లు కూడా లేని తోట, అందులో మూడే తీగలు. దొంగనాణేలు పోసి పేదలకు పంచాడని చెప్పుకునే ఫారినే అనే మనిషి పేరున 1980లో నాటారు. అతను 1880లో చనిపోయాడు. తోట యజమాని దలైలామా! పేరున్నవాళ్లు వచ్చి ఆ మూడు తీగలకు చాకిరీ చేసి పోతారు.

రెండోది స్లొవేనియాలోని మారిబోర్‌లో, ద్రావా నది ఒడ్డున, ఒక పాత ఇంటి గోడను పట్టుకుని పాకిన తీగ. వయసు 400 ఏళ్లకు పైనే, ఇంకా కాస్తున్న తీగల్లో అన్నింటికంటే పాతదని గిన్నిస్ రాసుకుంది. పదిహేడో శతాబ్దపు చిత్రాల్లోనూ అది కనిపిస్తుంది. పురుగు వచ్చిపోయింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఊరిమీద బాంబులు పడ్డాయి, తీగ నిలిచింది. ఏటా కాసేది 35 నుంచి 55 కిలోలు, మన పత్తి బస్తా బరువు కూడా రాదు. దాంతో పావు లీటరు బుడ్లు సుమారు వంద నింపి, ఊరికి వచ్చిన గొప్ప అతిథులకు ఇస్తారు. మార్చిలో ఊరంతా చేరి కొమ్మలు కత్తిరిస్తారు. కత్తిరించిన కొమ్మల్ని వేరే ఊళ్లకు కానుకగా పంపుతారు, అక్కడి మట్టిలో నాటుకోమని.