ముప్ఫై ఎనిమిదేళ్ల జమాఖర్చు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుకు ఆగ్నేయంగా కక్స్‌హామ్ అనే చిన్న పల్లె ఉంది. ఒక వాగు, ఒక పాత చర్చి, చుట్టూ పొలాలు. అయినా మధ్యయుగపు పల్లెల గురించి రాసే చరిత్రకారులు ఈ ఊరి పేరు ఎత్తకుండా ఉండరు. అక్కడ యుద్ధం జరిగిందని కాదు. ఆ ఊరి జమాఖర్చులు చెదలు పట్టకుండా మిగిలాయి, అంతే.

మేనర్ అంటే ప్రభువు ఏలుబడిలోని ఊరిభూమి. మన జమీందారీ లాంటిదే గాని, ప్రభువు శిస్తుతో సరిపెట్టుకోకుండా కొంత భూమి సొంతంగా సాగు చేయించేవాడు. పారిష్ అంటే ఒక చర్చికి పంటలో పదోవంతు చెల్లించే ప్రాంతం. కక్స్‌హామ్‌లో 13వ శతాబ్దం చివరినుంచి ప్రభువు మనిషి కాదు, కాలేజీ! 1264లో స్థాపించిన ఆక్స్‌ఫర్డు మెర్టన్ కాలేజీ.

కాలేజీ తరఫున వ్యవసాయం నడిపేవాడు రీవ్. మన కరణంలా చదువుకున్నవాడు కాదు. భూమికి కట్టుబడి వెట్టి చేసే రైతుల్లోంచే ఒకడు. అలాంటి రాబర్ట్ ఓల్డ్‌మన్ 1311 నుంచి 1349 వరకు, అంటే 38 ఏళ్లు, ఈ పని చేశాడు. గాట్లు పెట్టిన కర్రను నిలువునా చీల్చి చెరిసగం ఉంచుకోవడం ఆనాటి రసీదు. ఏటా సెప్టెంబరు 29తో లెక్క ముగిసేది. గుమాస్తా లాటిన్‌లో, రోమన్ అంకెల్లో తోలు కాగితం మీదికి ఎక్కించేవాడు. ముందు జమ: పాత బకాయి, శిస్తులు, ధాన్యం అమ్మకం, జరిమానాలు. తర్వాత ఖర్చు: నాగళ్లు, బండ్లు, కూలి. వెనకవైపు గింజల లెక్క, పశువుల లెక్క.

ఆడిటర్లు నచ్చని పద్దు కొట్టేస్తే ఆ సొమ్ము రీవ్ నెత్తిన పడేది. ముప్ఫై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులకు జవాబులు రాసిన నాకు ఓల్డ్‌మన్ మీద జాలి కలిగింది. ఇంకో విశేషం, ఆ చిట్టాలో లాభనష్టాల ఊసే ఉండదు. మేనర్ బాగుపడిందా అన్నది దాని ప్రశ్న కాదు. రీవ్ ఇంకా ఎంత బాకీ అన్నదే ప్రశ్న. కామర్సు చదివినవారికి ఇది వింతగానే తోస్తుంది. కాని దూరాన ఉన్న యజమానికి కావలసింది అదే కదా!

1348లో ఇంగ్లండులో అడుగుపెట్టిన ప్లేగు 1349లో ఈ పల్లెను తాకింది. ఓల్డ్‌మన్ ఆ ఏడాదే పోయాడు. కమతాలు ఖాళీ పడ్డాయి, మిగిలిన కూలీలు ఎక్కువ అడిగారు. కూలి పెరగకూడదని 1351లో పార్లమెంటు చట్టం చేసింది గాని, మనుషులే లేనప్పుడు చట్టం ఏం చేస్తుంది? చివరికి 1359లో కాలేజీ సొంత సాగు మాని భూమిని కౌలుకిచ్చింది.

ఆ తర్వాత ఏ ఎద్దు చచ్చిందో, ఏ బండి చక్రం విరిగిందో కాలేజీకి అక్కరలేకపోయింది. కౌలు సొమ్ము జమ అయితే చాలు.