వేసవి ప్రయాణంలో మీ బిడ్డకు ఒక పని అప్పజెప్పండి



ప్రతి జూన్‌లో బడి తెరవగానే మేము ‘మై సమ్మర్ వెకేషన్’ అని ఇంగ్లిషులో వ్యాసం రాయిస్తాం. ఊటీ వెళ్లినవాళ్లు, మైసూరు వెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. నోటుబుక్కులు తెరిస్తే మాత్రం ఎక్కువ వాటిలో ఒకే వాక్యం: ‘ఐ ఎంజాయ్డ్ ఎ లాట్’. పిల్లలకు ఆ మాత్రం ఇంగ్లిష్ వచ్చు. దారంతా ఫోన్ చూస్తూ కూర్చున్నందువల్ల రాయడానికి విషయం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఆర్‌వీ అనే బండిని అద్దెకు తీసుకుంటారు. అందులోనే వండుకుని, పడుకుని, రాష్ట్రాలు దాటుతూ స్నేహితుల ఇళ్లకూ, 1872లో ఏర్పాటైన ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కులకూ వెళ్తారు. మనకు అంత బండి అక్కర్లేదు. టెంపో ట్రావెలర్ చాలు, పడుకోవడానికి బంధువుల ఇళ్లున్నాయి. తాడిమర్రిలో చాలా ఇళ్లకు బెంగళూరులో ఒక చిన్నాయనో, మేనత్తో ఉండనే ఉంటారు.

దారిలోనే పాఠం ఉంది

తాడిమర్రి నుంచి ధర్మవరం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పెనుకొండ వస్తుంది. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు ఇదే. ఇంకా ముందుకు పోతే కర్ణాటకలో చిక్కబళ్లాపురం. మన చిత్రావతి పుట్టేది ఆ ప్రాంతంలోనే. అంటే మన ఏటికి ఎదురుగా ప్రయాణం చేస్తున్నామన్నమాట. ఈ మాట బిడ్డకు చెప్పి చూడండి, మ్యాపు వాళ్లే అడుగుతారు.

బెంగళూరు, మైసూరు, గుండ్లుపేట దాటితే బందీపూర్ అడవి. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంపికైన తొలి తొమ్మిది పులుల అభయారణ్యాలలో ఇదొకటి. అదే అడవి తమిళనాడులోకి పోతే ముదుమలై, కేరళలోకి పోతే వయనాడ్. మనుషులకు మూడు రాష్ట్రాలు, ఏనుగులకు ఒకటే అడవి.

మేము చేసిన పొరపాటు

రెండేళ్ల కిందట మేమూ ఈ దారిలో వెళ్లాం. మైసూరులో మా పెద్దమ్మ "తినకుండా ఎట్లా పోతారు?" అని ఆపేసింది. మేము బందీపూర్ చెక్‌పోస్టుకు చేరేసరికి తొమ్మిది దాటింది. గేటు వేసేశారు. వాహనాల కింద పడి జంతువులు చనిపోతున్నాయని 2009 నుంచి అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపుతున్నారు. వెనక్కి వచ్చి గుండ్లుపేట లాడ్జిలో పడుకున్నాం. నాలుగో తరగతి చదివే మా అక్క కొడుకు అడిగాడు: "ఈ సంగతి ముందే ఎందుకు కనుక్కోలేదు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మరుసటి రోజు నుంచి టైము చూసే పని వాడికే ఇచ్చాం. ఆ తర్వాత వాడు ఫోన్ అడగలేదు.

ఎవరికి ఏ పని?

1–3 తరగతులు: నంబరు ప్లేట్లు చూసి ఏ రాష్ట్రం బండో చెప్పడం. కన్నడ అక్షరాలు మన వాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి బోర్డులు చదవడం.

4–6 తరగతులు: బయలుదేరిన టైము, చేరిన టైము, కిలోమీటర్లు రాయడం. బెంగళూరు నుంచి మైసూరుకు సుమారు 145 కిలోమీటర్లు. ఎన్ని గంటలు పట్టిందో చూసి సగటు వేగం వాళ్లే కడతారు.

7–10 తరగతులు: ఖర్చుల లెక్క, నిబంధనలు కనుక్కోవడం. ఊటీకి వెళ్లే బండ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు. నీలగిరి జిల్లాలో వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అనుమతి లేదు. అడవిలో బండి ఆపకూడదు, దిగకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు.

అందరికీ: దిగిన ప్రతి ఇంట్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడగాలి: "మీరు ఊరు వదిలి ఎప్పుడొచ్చారు? ఎందుకొచ్చారు?" వానలు లేక చెనిక్కాయ పంట పోయిన సంవత్సరాల సంగతి సోషల్ పుస్తకం కంటే ఆ చిన్నాయన బాగా చెబుతాడు.

పెద్దల పని

బాడుగకు పసుపు నంబరు ప్లేటు ఉన్న బండే మాట్లాడుకోండి. రాష్ట్రం దాటే పర్మిట్, ఇన్సూరెన్స్ చూడండి. డ్రైవరుకు రాత్రి నిద్ర ఉండేలా ప్రయాణం వేసుకోండి.

ఈ ఏడాది అంత ఖర్చు వీలుకాకపోతే చింత లేదు. హిందూపురం దగ్గర లేపాక్షికి ఉదయం పోయి సాయంత్రానికి రావచ్చు. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది ముందు కూడా ఇదే నోటుబుక్కు పనికొస్తుంది.

జూన్‌లో ఆ నోటుబుక్కును బడికి పంపండి. వాటిని ఇంగ్లిషు వాక్యాలుగా మార్చడం నేర్పే పని మాది.