చలికాలం కార్ఖానా: ఏది మూయాలె, ఏది మూయొద్దు

దీపావళి పోయింది. షోలాపూర్‌లో పగలు ఎండ 30 డిగ్రీల దాకా ఉన్నా, తెల్లవారుజామున 15 దగ్గరికి దిగే రోజులు వచ్చినయి. రాత్రిపాళి చేసేవాళ్లకు రేకుల కప్పు కింద వణుకు తప్పదు. ఇంకో తంటా ఏమంటే గాలి పొడిబారుతది. నూలు నేతకు గాలిలో తేమ 75 నుంచి 80 శాతం ఉంటే మంచిది. అది తగ్గితే పత్తి నూలు బలం తగ్గి, పడుగు పోగులు మాటిమాటికి తెగుతయి. అతుక్కుంట కూచుంటే మీటర్లు పడవు, కూలీ పడదు.

అందుకే ఈ నెలల్లో కిటికీలన్నీ మూసి గోనెపట్టాలు కడుతం. అది సగమే సరైన పని. గాలి కొట్టే వైపు కిటికీలు మూయండి. మోటార్లకు, స్విచ్చు బోర్డులకు దూరంగా తడి గోనెలు వేలాడదీయండి. కాని కప్పు దగ్గరి జాలీలు మాత్రం మూయొద్దు.

కార్ఖానాలోనే పడుకునేవాళ్లు చలికి బొగ్గుల కుంపటి పెట్టుకుంటరు. "పొగ పోయింది, నిప్పులే ఉన్నయి, ఏం కాదు" అంటరు. అక్కడే మోసపోతం. ఎర్రగా కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది పేరుకుంటే ముందు తలనొప్పి, కళ్లు తిరుగుడు, వాంతి. నిద్రలో ఉన్నోడికి అదీ తెలువదు, అట్లనే ప్రాణం పోతది. ఎవరన్నా అట్ల పడిపోతే ముందు తలుపులు తెరిచి బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. ఒక కిటికీ తెరిచినం కదా అని కూడ లోపల కుంపటి పెట్టొద్దు.

నిప్పు పక్కన దూది ధూళి ఉన్నదని మరువొద్దు. దూలాల మీద, లైట్ల మీద, మోటార్ల చుట్టు పేరుకున్న ధూళి ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటది. మెయిన్ స్విచ్చు బందు చేసి, పైనుంచి కిందికి దులుపండి. తోవలో బీములు, మూటలు పెట్టొద్దు. మనుషులు లోపల పడుకున్నప్పుడు బయట తాళం అసలే వద్దు. 2025 మే నెలలో అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో తెల్లవారుజామున ఒక టవల్ కార్ఖానా అంటుకుంటే యజమాని కుటుంబం, పనివాళ్లు కలిపి 8 మంది పోయిన్రు. మాలకైనా కూలీ అయినా, లోపల నిద్రపోయేవాళ్లందరికీ ముప్పు ఒక్కటే.

మాలకులకు ఒక మాట. రాత్రి ఉండేవాళ్లకు సాంచాలకు దూరంగా, గాలి ఆడే గది ఒకటి చూపించండి. తలా రెండు చాదర్లు ఇయ్యండి.

షోలాపూర్ చాదర్ దేశమంతా కప్పుకుంటది. దాన్ని నేసినోడు బొగ్గుల పక్కన పడుకోవద్దు.