పూలదండ చాటున కొత్త కారు

కొత్త కారు ఇంటికొచ్చే రోజు మన ఇళ్లలో చిన్న పెళ్లిలాంటిది. ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఈ ఒక్క విషయంలో మనవాళ్లు మారలేదు. మా బరంపురంలో అయితే బండి తిన్నగా బుఢీ ఠాకురాణి గుడికే వెళుతుంది. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసి, దాని మీద బంతిపూల దండ వేస్తాం. షోరూం వాళ్లు మనకంటే ఒక ఆకు ఎక్కువ చదివారు. కారు మీద మెరిసే గుడ్డ కప్పి, మన చేతనే తీయించి, కేకు కోయించి, ఇంటిల్లిపాదికీ ఫొటో తీస్తారు. ఇంత హడావిడిలో ఎవరూ చేయని పని ఒకటుంది. కారును చూడటం.

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తూ ఎన్నో కారు అప్పులు మంజూరు చేసిన నేను ఈ మాట చెప్పడం కొంచెం సిగ్గుగానే ఉంది. ఎందుకంటే నేనూ ఎప్పుడూ చూడలేదు. మేము చూసేది కొటేషన్, జీతం కాగితాలు, మార్జిన్ డబ్బు కట్టిన రసీదు. అవి సరిగ్గా ఉంటే మిగతా సొమ్ము నేరుగా డీలరు ఖాతాకు పంపేస్తాం. ఆ తరవాత ఆర్.సి. మీద మా హైపోథికేషన్ ఎక్కిందా, ఇన్సూరెన్సులో బ్యాంకు పేరుందా అని చూసుకుంటాం. కారుకు తలుపులు ఎన్నో కూడా మాకు తెలియనక్కరలేదు.

నా కళ్లు తెరిపించినవారు నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాష్టారు. 2021 దసరాకు ఆయన కారు కొన్నారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకుతో కలిసి ఉమ్మడిగా అప్పు తీసుకున్నారు. ధర ఎనిమిది లక్షల పైచిలుకు. అమ్మగారి మోకాళ్ల వైద్యానికి మాటిమాటికీ విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. రైలు ఎక్కడం, దిగడం ఆవిడ వల్ల కావడం లేదు. కనుక ఆ కారు సరదా కోసం కొన్నది కాదు. అప్పు కాగితాల మీద సంతకం నాదే. విజయదశమి సాయంత్రం, దీపాల వెలుగులో డెలివరీ. నేనూ వెళ్లి కేకు తిని వచ్చాను.

ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు సందులో ఆటో ఒకటి రాసుకుపోయి, ఎడమవైపు వెనక తలుపు మీద గీత పడింది. మాష్టారు దాన్ని తనకు తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్లారు. మేస్త్రీ గీత పడ్డచోట గోకి చూస్తే రంగు పొరలు పొరలుగా ఊడింది. కింద రేకు రావలసినచోట బూడిదరంగు లప్పం వచ్చింది. అతను గోడకు తగిలించిన అయస్కాంతం తెచ్చి ముందు తలుపుకు పెడితే టక్కున అతుక్కుంది. వెనక తలుపుకు పెడితే జారి కిందపడింది.

"ఇది మొదటి దెబ్బ కాదండి మాష్టారూ. ఈ తలుపుకి ఇంతకు ముందే పని జరిగింది," అన్నాడు మేస్త్రీ.

"నా బండికి ఇంతవరకూ ఏ దెబ్బా తగల్లేదోయ్," అన్నారు మాష్టారు.

"మీ చేతికి రాకముందు తగిలుంటాదండి."

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, లప్పం చూసి, ఇది పాత దెబ్బ అన్నాడు. ముందు జరిగిన ప్రమాదాన్ని దాచిపెట్టి ఇప్పుడు క్లెయిము చేస్తున్నారా అని అడిగాడు. అతని ఉద్యోగధర్మం ప్రకారం అడగవలసిన ప్రశ్నే. కాని ముప్ఫై అయిదేళ్లు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన మనిషిని అడిగాడు. ఆ సాయంత్రం మాష్టారు మా ఇంటికి వచ్చి కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "నన్ను దొంగలా చూశాడురా," అన్నారు.

మర్నాడు ఇద్దరం షోరూంకు వెళ్లాం. మేనేజరు ముందు అసలు అలా జరగడానికి వీల్లేదన్నాడు. మేస్త్రీ తీసిన ఫొటోలు చూపించాక గొంతు మారింది. "దారిలో ఏదో చిన్న గీత పడి ఉంటుంది సార్, డెలివరీకి ముందు టచప్ చేసి ఉంటారు, అందరూ చేసేదే," అన్నాడు. సీటు కవర్లు ఉచితంగా వేయిస్తానన్నాడు. మాష్టారు ఒడియాలో, తరగతిలో లెక్క విడమరిచినంత నెమ్మదిగా చెప్పారు: "గీత పడినందుకు నేను అడగడం లేదు బాబూ. పడిందని చెప్పనందుకు అడుగుతున్నాను. చెప్పి, ఓ ఇరవై వేలు తగ్గించి ఉంటే ఈ కారే తీసుకునేవాణ్ణేమో. లేదా వద్దనేవాణ్ణి. ఆ రెండింట్లో ఏది అన్నది నేను కదా చెప్పాలి?"

న్యాయంగా చెప్పాలంటే గీత పడటం వింతేమీ కాదు. కారు పుట్టేది శ్రీపెరుంబుదూరులోనో, చాకన్‌లోనో, మానేసర్‌లోనో, మన పెనుకొండలోనో. అక్కడి నుంచి పొడవాటి ట్రైలరు మీద వందల కిలోమీటర్లు వస్తుంది. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు అంచు తగులుతుంది. ఊరి బయట స్టాక్‌యార్డులో వారాల తరబడి ఎండకూ వానకూ నిలబడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కొమ్మ విరిగిపడుతుంది. 2005లో ముంబైలోనూ, 2015లో చెన్నైలోనూ వచ్చినలాంటి వరద వస్తే ఇంజను దాకా నీళ్లు చేరతాయి. చిన్నాచితకా వాటిని డీలరు తన వర్క్‌షాపులోనే బాగుచేయిస్తాడు. అందులో తప్పులేదు. ఆ తరవాత కొన్నవాడికి చెప్పాలా వద్దా అన్నదగ్గరే పేచీ వస్తుంది.

ఈ పేచీ మీద అమెరికాలో ఒక పెద్ద కేసు నడిచిందని లా చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు చెప్పింది. 1990లో అలబామా రాష్ట్రంలో ఒక డాక్టరు గారు 40,750 డాలర్లు పోసి నల్ల బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలలు నడిపాక, ఇంకా నిగనిగలాడేలా చేయించుకుందామని కార్లు మెరుగుపెట్టే షాపుకు తీసుకువెళ్లాడు. దీనికి మళ్లీ రంగు వేశారని కనిపెట్టింది ఆ షాపువాడు. అక్కడా మన మేస్త్రీలాంటివాడే! జర్మనీ నుంచి వచ్చేటప్పుడు ఆమ్ల వర్షం తగిలి రంగు పాడైతే, అమెరికాలోని కంపెనీవారు మళ్లీ వేయించారు. ఖర్చు 601 డాలర్ల 37 సెంట్లు. మరమ్మతు ఖర్చు కారు ధరలో 3 శాతం దాటకపోతే కొత్తదిగానే అమ్మాలి, డీలరుకు కూడా చెప్పనక్కరలేదు అన్నది 1983 నుంచి వాళ్ల పద్ధతి. ఈ కారు మీద అయింది ఒకటిన్నర శాతం. అలా బాగుచేసి అమ్మిన కార్లు దేశం మొత్తం మీద 983 అని కోర్టులో తేలింది.

మళ్లీ రంగు వేసిన కారు విలువ పదో వంతు తగ్గుతుందని సాక్ష్యం వచ్చింది. జ్యూరీ ఆ నష్టానికి 4,000 డాలర్లు ఇచ్చి, ఊరుకోక, దండనగా మరో 40 లక్షల డాలర్లు వేసింది. ఒక్కో కారుకు నాలుగు వేల చొప్పున దాదాపు వెయ్యి కార్ల లెక్క అది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సగానికి తగ్గించింది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు చీలి, అది కూడా మరీ అన్యాయమైన మొత్తమంది. చివరకు 1997లో దండన 50,000 డాలర్లకు దిగింది. లా కాలేజీల్లో ఈ కేసును దండనకు హద్దు ఎక్కడ అనే దాని కోసం చదువుతారట. నాకు మాత్రం మరో సంగతి ముఖ్యమనిపించింది. జ్యూరీ తీర్పు రాగానే, ఎంత చిన్న మరమ్మతైనా చెప్పే అమ్ముతామని ఆ కంపెనీ తన పద్ధతి మార్చుకుంది. అంటే చెప్పడం అసాధ్యమేమీ కాదన్నమాట.

మన దేశంలో 3 శాతం లాంటి గీత ఏదీ లేదు. ఉన్నది అంతకంటే సూటిగా ఉంది. బాగుచేసిన, వాడిన, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని 1986 నాటి వినియోగదారుల చట్టంలో ఉంది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ ఉంది. అంతకు చాలా ముందే, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 41వ సెక్షను, సరుకు అప్పగించేటప్పుడు కొనేవాడు అడిగితే దాన్ని పరీక్షించుకునే అవకాశం ఇవ్వాలని చెప్పింది. బి.కాం.లో ఈ సెక్షను బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న నేను, మాష్టారి కారు దగ్గర నిలబడి కేకు తిన్నాను!

ఇంకో సంగతి. పెద్ద కంపెనీ పేరు చూసి మనం డబ్బిస్తాం గాని, మనకు అమ్మేది డీలరు. 2009లో తయారైన కారును 2011 మోడల్ కోరిన ఒకాయనకు గోవాలో ఒక డీలరు అంటగట్టిన కేసులో, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తయారీదారైన టాటా మోటార్స్‌ను బాధ్యత నుంచి తప్పించింది. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు కానప్పుడు, ఆ తప్పు కంపెనీ నెత్తిన వేయలేమంది. కనుక ఫిర్యాదు రాసేవాళ్లు ఇద్దరికీ రాయండి. కంపెనీకి తెలియజేసినట్టు కాగితం ఉంటే మంచిది.

మరి కొనేవాడు ఏం చూడాలి? నేను మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నది చెబుతాను. అన్నిటికంటే ముఖ్యం ఎప్పుడు చూడాలన్నది. రిజిస్ట్రేషన్ అయి, నంబరు ప్లేటు బిగించాక బండి మీ పేరున ఉన్నట్టే. ఆ తరవాత వద్దంటే తగాదా. అందుచేత మీకు కేటాయించిన కారు ఛాసిస్ నంబరు రాసి ఇమ్మని అడిగి, రిజిస్ట్రేషనుకు ముందే, బ్యాంకు మిగతా సొమ్ము పంపకముందే, పగటిపూట స్టాక్‌యార్డుకు వెళ్లి చూడండి. దుమ్ముకొట్టుకుని ఉంటే కడిగించమనండి. వీలైతే ఒక టింకరింగ్ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే అయిదారు వందలు వృథా కావు.

పక్కకు వంగి, రేకు మీద వెలుతురు ఎలా పారుతోందో చూడాలి. ఒక తలుపు మీద నున్నగా, పక్క తలుపు మీద నారింజ తొక్కలా గరుకుగా ఉంటే అనుమానించాలి. తలుపు రబ్బరు కాస్త ఎత్తి చూస్తే దాని అంచున రంగు తుంపరలు కనబడవచ్చు. ఫ్యాక్టరీలో రబ్బరు బిగించకముందే రంగు వేస్తారు, కాబట్టి ఆ తుంపరలు అక్కడ ఉండకూడదు. తలుపులు, బానెట్ బిగించిన బోల్టుల తలల మీద రంగు చెదిరిందంటే పానా పడిందన్నమాట. అయస్కాంతం సంగతి చెప్పాను. కాని బంపరు ప్లాస్టిక్ గనుక అక్కడ పనిచేయదు. రంగు మందం కొలిచే చిన్న మీటర్లు దొరుకుతున్నాయి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్కచోట మాత్రం రెట్టింపు చూపిస్తే మళ్లీ వేసినట్టు, అయిదు వందలు దాటితే లప్పం ఉన్నట్టు. అద్దాల మూలల్లో ముద్రలుంటాయి, ఒక్కటే వేరే సంవత్సరానిదైతే ఎందుకు మార్చారని అడగాలి. టైరు మీద నాలుగంకెలు, ఉదాహరణకు 3224 అని ఉంటే, 2024లో 32వ వారంలో తయారైందని. డిక్కీలో తివాచీ ఎత్తి చూడాలి. సీటు బెల్టు చివరికంటా లాగితే, నీట మునిగిన బండికి అక్కడ మట్టి చార కనబడుతుంది. కార్పెట్ కడుగుతారు గాని బెల్టు సంగతి చాలామంది మరిచిపోతారు.

చివరగా, ఈ కారుకు డెలివరీకి ముందు ఏ మరమ్మతూ, రంగు పనీ జరగలేదని డీలరు లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మనండి. జరిగి ఉంటే ఏం జరిగిందో రాయమనండి. ఇవ్వనన్నవాడు కూడా మీకు ఒక జవాబు ఇచ్చినట్టే. మా శాఖలో అప్పు తీసుకునేవారితో, కారును స్వయంగా చూశామని ఒక కాగితం రాయించుకున్నాకే నేను డబ్బు పంపుతున్నాను. బ్యాంకు నియమాల్లో అది లేదు. మేనేజరు గారు చాదస్తమని నవ్వుతారు.

కొన్నాక బయటపడితే రెండేళ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం వచ్చాక మీరు నివాసముండే ఊరి కమిషన్‌లోనే వేయవచ్చు. మనలా ఒకచోట ఉండి మరొకచోట కొనేవాళ్లకు ఇది పెద్ద ఊరట. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలే. 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మాష్టారు అంతదాకా వెళ్లలేదు. మా అమ్మాయి సాయంతో నేను ఉత్తరం రాశాను. ఆ ఛాసిస్ నంబరు మీద డెలివరీకి ముందు తెరిచిన జాబ్ కార్డు, తనిఖీ కాగితం ఇమ్మని అడిగి, డీలరుకూ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నెల తిరక్కుండా పిలుపొచ్చింది. నలభై వేలు ఇస్తామన్నారు. మాష్టారు డబ్బు కంటే ముందు ఇంకొకటి అడిగారు. ఆ తలుపుకు డెలివరీకి ముందే లప్పం, రంగు పని జరిగిందని సంతకంతో రాసి ఇవ్వాలన్నారు. దానికి వాళ్లు ససేమిరా అన్నారు. మూడుసార్లు తిరిగాక ఇచ్చారు. దాని నకలు మొదట వెళ్లింది ఆ ఇన్సూరెన్సు సర్వేయరుకు.

కిందటేడు మాష్టారు, అమ్మగారు కొడుకు దగ్గరకు బెంగుళూరు వెళ్లిపోతూ కారు అమ్మేశారు. కొనడానికి వచ్చిన కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి బాగుందన్నాడు. మాష్టారు ఆర్.సి. కంటే ముందు ఆ ఉత్తరం తీసి అతని చేతికిచ్చారు. అతను చదివి, ఎడమవైపు వెనక తలుపు దగ్గర కూర్చుని చేత్తో తడిమి చూసి, పదిహేను వేలు తగ్గించమన్నాడు. మాష్టారు సరేనన్నారు.