చిలకలగూడ: ఒక దండుపట్టణపు స్థలనామములు

ఆంగ్లదేశమున మాంచెస్టరు మొదలగు పెక్కు పట్టణముల పేళ్లు ‘చెస్టరు’ అను పదముతో ముగియును. రోమకులు విడిసిన దండునకు లాటిను భాషలో ‘కాస్త్ర’ యని పేరు. దాని వికారమే ఈ పదము. మాంచెస్టరను పేరిట పూర్వభాగము రోమకులకంటె ముందున్న దేశీయుల నామముయొక్క అవశేషము. దండు కదలిపోయినను దేశీయనామము నిలిచినది. తెలుగునాట ఆ ఆంగ్లేయుల దండువలననే పుట్టిన సికిందరాబాదునందును ఇట్టి విశేషమే కానవచ్చుచున్నది.

1798 నాటి సంధివలన తూర్పిండియా సంఘమువారి సైన్యము హైదరాబాదు రాజ్యమున స్థిరపడెను. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆ సేన విడిసిన తావునకు 1806లో సికందర్‌జా పేర సికిందరాబాదను నామ మేర్పడెను. 1813లో సెయింటు జాన్ దేవాలయమును, 1897 నాటికి గడియారస్తంభమును వెలసెను. రాజపత్రములను, కట్టడములను మాత్రమే చూచువారికి ఈ పట్టణము కేవల మాంగ్లేయనిర్మితమని తోచును. స్థలనామము లట్లు చెప్పవు.

ఈ నామములందు నాలుగు పొరలు గలవు. మారేడుపల్లి, తిరుమలగిరి, అల్వాలు అనునవి పల్లెల పేళ్లు, ఇది మొదటిది. రెజిమెంటల్ బజారు, బోయిగూడ మున్నగునవి దండు కొలువును, దాని నాశ్రయించిన వృత్తులను తెలుపును, ఇది రెండవది. మహాంకాళి యాలయమును గూర్చిన ఐతిహ్యము నీ పొరకే చేరినది. సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినియందుండగా విషూచి ప్రబలెననియు, అతడు మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో దేవిని ప్రతిష్ఠించెననియు జనులు చెప్పుదురు. దొరల చరిత్రమున చోటు దొరకని భారవాహకుని పేరు దేవికథలో నిలిచినది. జేమ్సు వీథి, కింగ్సువే అనునవి మూడవ పొర. ఇవి నేడు మహాత్మాగాంధి మార్గము, రాష్ట్రపతి మార్గము అయినవి. 1874లో వాడినుండి రైలుమార్గము వచ్చిన పిమ్మట నేర్పడిన నామములు నాలుగవ పొర. అన్నిటికంటె శీఘ్రముగ మాసినది పాలకులు పెట్టిన మూడవ పొరయే.

చిలకలగూడ రైలునిలయమునకు చేరువనున్న పేట. చిలుకశబ్దపు బహువచనమున షష్ఠీరూపము ‘చిలుకల’. వాడుకలో ‘చిలకల’ యైనది. బందరు చెంతనున్న చిలకలపూడియందును ఈ రూపమే గలదు. ఉత్తరపదమును ‘గూడు’గా గ్రహించి చిలుకల గూళ్లున్న తావని చెప్పుట వినుటకింపు. కాని ఇరుగుపొరుగుననే మెట్టుగూడ, లాలాగూడ, బోయిగూడ కలవు. బోయీలకు పక్షిగూడు పొసగదు. కావున ‘గూడ’ యనగా చిన్న జనావాసము, ‘గూడెము’నకు సజాతీయము. ఒక పేరును ఒంటరిగా గాక తోడి పేళ్లతో చేర్చి చూచినప్పుడే అర్థము తేటపడును.

ఈ పేటయందే కట్టమైసమ్మ గుడి కలదు. కట్టయనగా చెరువుగట్టు, కట్టమైసమ్మ గట్టును కాచు దేవత. చెరువులు పూడి ఇండ్లు లేచినచోటను ఇట్టి దేవతానామము గట్టును మరువనీయదు. పరిశోధకునకు ఇది శాసనముతో సమానము.

అయితే శాసనము రాతిపై నుండును. నామము నాలుకపై నుండును. దొరల లేఖకులు తమకు వినబడినట్లు వ్రాసికొనుటచే తిరుమలగిరి ‘ట్రిమల్‌గెరీ’ యయ్యెను. అది పరభాషీయుల దోషము. ఆ ఆంగ్లలిపినుండి మరల తెలుగున ‘చిల్కల్‌గూడ’ యని వ్రాయుట మన దోషము. ఇందు విభక్తిరూపము చెడును. విభక్తి చెడిన పిమ్మట అర్థమును చెడును. రెండు తరములు గడచిన పిదప ఇది తెలుగుపదమని నిరూపింపవలసి వచ్చును.

ఆంగ్లదేశమున 1923లో స్థలనామసంఘ మేర్పడి, మండలమునకు మండలముగా గ్రామముల పేళ్లే గాక వీథుల, పొలముల పేళ్లను గూడ సంపుటములుగా ప్రకటించుచు వచ్చినది. తెలుగునాట నిట్టి పనికి గొప్ప ధనము కంటె ముందు పాఠశాలలు కావలెను. పండితుడు తన శిష్యులచే వారి వారి వాడలలోని బావి, కుంట, గట్టు, గుడి, చెట్టు పేళ్లను వృద్ధుల నోట విన్నట్లే వ్రాయించి, విన్న తేదీతో భద్రపరచినచో చాలును. అర్థనిర్ణయము తరువాతివారు చేయుదురు. పేరే పోయినచో వారికి నిర్ణయించుటకేమియు మిగులదు.